ఊళ్లో లేనివాళ్ల సంపాదన

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట పెట్టారో ఆ సారు మాకు అర్థశాస్త్రం చెప్పారు. జాతీయాదాయం పాఠం మొదలుపెట్టే ముందు, ఎవరి ఊరి ఆదాయం వాళ్లను రాసుకు రమ్మనేవారు. మేం వరి రాసేవాళ్లం, పసుపు రాసేవాళ్లం, కల్లు, గొర్లు, బీడీలు కూడా రాసేవాళ్లం. కాగితాలన్నీ తిరగేసి, "బొంబాయి మనియార్డర్లు ఎవ్వలూ రాయలేదేందిరా?" అనేవారు. అవి ఊళ్లో పండినవి కావు కదా సార్ అంటే, "ఊళ్లో తింటున్నరు గదా" అనేవారు. ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు నాకు వేరే విషయం వెతుక్కోవలసిన పని పడలేదు.

చెప్పదలచుకున్నది ఒక్కటే. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో సంపాదించేవాళ్లు ఒక చోట, వాళ్ల మీద ఆధారపడి బతికేవాళ్లు మరో చోట ఉండటం రెండు తరాలుగా మామూలైపోయింది. ప్రభుత్వం లెక్కలు మాత్రం భూమినీ, మగ్గాన్నీ, ఇంటి కప్పునూ చూస్తాయి. కదలనివే వాటికి కనిపిస్తాయి. కదిలిపోయిన మనిషి ఎవరి లెక్కలోనూ పడడు. లెక్కలో పడనివాడికి పథకమూ అందదు.

ముందు జనాభా సంగతి చూద్దాం. 2011 జనగణన నాటికి జిల్లాలు విడిపోలేదు. అప్పటి కరీంనగర్ జిల్లాలో వెయ్యిమంది పురుషులకు 1,008 మంది స్త్రీలు ఉన్నారు. నిజామాబాద్‌లో 1,040 మంది. దేశం మొత్తానికి సగటు 943. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాక, అవే లెక్కలను విడదీస్తే జగిత్యాల జిల్లాకు 1,036 తేలింది. ఈ అంకెను పట్టుకొని, ఇది ఆడపిల్లను నెత్తిన పెట్టుకునే గడ్డ అని సభల్లో చెప్పిన నాయకులున్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. కానీ అదే జనగణనలో ఆరేళ్లలోపు పిల్లల పట్టిక చూడండి. అక్కడ ఆడపిల్లలు మగపిల్లలకంటే తక్కువే. గౌరవం వల్ల పెరిగిన అంకె అయితే ముందు ఉయ్యాలలోనే కనిపించాలి కదా. ఆడవాళ్లు ఎక్కువకాలం బతకడం కొంత కారణం, కల్లూ సారా తీసుకుపోయిన మగవాళ్లు కొంత కారణం. అన్నిటికంటే పెద్ద కారణం మగవాళ్లు ఊళ్లో లేకపోవడం.

ఇది మన ఒక్కరి కథ కాదు. మహారాష్ట్రలో ముంబయి మిల్లులకు మగవాళ్లను పంపిన రత్నగిరి జిల్లాలో అదే 2011లో 1,122 మంది స్త్రీలు. కొండల మీంచి పటాలాలకూ ఢిల్లీ హోటళ్లకూ మగవాళ్లు దిగిపోయిన అల్మోరాలో 1,139. బీహార్ రాష్ట్రమంతటికీ 918 ఉంటే, గల్ఫ్‌కు దండిగా మనుషులను పంపే గోపాల్‌గంజ్ జిల్లాలో 1,021. ఈ గోపాల్‌గంజ్ వైపు మనుషులు మళ్లీ మన పొలాల్లోనే కనిపిస్తారు, ఆ సంగతికి కాసేపటికి వస్తాను.

ఇంకో అంకె. 2001లో కరీంనగర్ జిల్లా జనాభా 34,91,822. పదేళ్ల తర్వాత 37,76,269. పెరుగుదల ఎనిమిది శాతం పైచిలుకు. అదే పదేళ్లలో దేశ జనాభా 17.7 శాతం పెరిగింది. మన దగ్గర కాన్పులు తగ్గాయి, అది నిజం. ఇద్దరితో, ఒక్కోసారి ఒక్కరితో ఆపేయడం మన పల్లెల్లో కొత్తేమీ కాదు. దానితోపాటు జనగణన పద్ధతిని కూడా గుర్తుపెట్టుకోవాలి. 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు లెక్కించేవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. ఆ రోజులన్నిటా ఇంట్లో లేని మనిషిని ఆ ఇంట్లో రాయకూడదు. భివండిలో మగ్గం నడిపేవాడిని భివండిలో రాస్తారు. షార్జాలో సెంట్రింగ్ కొట్టేవాడిని భారతదేశంలో ఎక్కడా రాయరు. ఇంటి పేరు, అప్పు, పిల్లల ఫీజు, ముసలివాళ్ల మందులు అన్నీ ఇక్కడే ఉంటాయి. మనిషి మాత్రం పట్టికలో ఉండడు.

2014 ఆగస్టు 19 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొత్త రాష్ట్రం ఏర్పడిన రెండున్నర నెలలకు ఒక్కరోజులో ఇంటింటి సమగ్ర కుటుంబ సర్వే పెట్టారు. ఇంట్లో కనిపించకపోతే రేషన్ కార్డు పోతుందని ప్రచారం జరిగింది. ముంబయి, భివండి, సూరత్‌ల నుంచి జనం దొరికిన బండి పట్టుకొని వచ్చారు. బస్సుల్లో నిలబడటానికి జాగా లేదు. పండుగ కాదు, పెళ్లి కాదు, ఓట్లు కాదు. ఇంటి ముందు కూర్చొని ఎన్యూమరేటర్ కోసం ఎదురుచూడటానికి వచ్చారు. మర్నాటి నుంచి మళ్లీ తిరుగు ప్రయాణం. సమాజశాస్త్రం చదివే పిల్లలు ఆ ఒక్కరోజు మీద పరిశోధన చేయవచ్చు. రాష్ట్రం తన జనాన్ని లెక్కపెట్టడానికి పిలిస్తే, లెక్కలోంచి జారిపోతామేమోనని భయపడి, చార్జీలు తామే పెట్టుకొని వచ్చిన జనం వాళ్లు.

ఇంతమంది ఎందుకు పోయారన్నదానికి కరువు అని ఒక్క మాటలో జవాబు చెప్పడం అలవాటైంది. కరువు నిజమే. అయితే మహబూబ్‌నగర్‌లో ఇంతకంటే పెద్ద కరువు ఉంది. అక్కడివాళ్లు పాలమూరు లేబరుగా గుంపులు గుంపులుగా మేస్త్రీల వెంట దేశమంతా కాలువలు తవ్వడానికి పోయారు. మనవాళ్లు ఒక్కొక్కరుగా పాస్‌పోర్టు పట్టుకొని సముద్రం దాటారు. ఈ తేడాకు కారణం 1978లో ఉందని నేననుకుంటాను. ఆ సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా కదిలారు, దాన్నే జైత్రయాత్ర అంటున్నాం. వెట్టి చెయ్యం, దొర గడీ ముందు చెప్పులు విప్పం అన్నారు. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాతి ఏళ్లలో ఏం జరిగింది? దొరలు హైదరాబాద్‌కూ కరీంనగర్‌కూ పోయారు. ఊళ్లోంచి మొదట వలసపోయినవాళ్లు వాళ్లే, ఆ సంగతి మనం మరిచిపోతాం. గడీకి కట్టుబడి ఉన్న చాకలి, మంగలి, మాదిగ, మాల, ముదిరాజ్ ఇళ్ల పిల్లలకు ఎవరి అనుమతీ అడగకుండా ఊరు దాటే వీలు మొదటిసారి దొరికింది. మరోవైపు పోలీసు క్యాంపులు. కొడుకు ఊళ్లో ఉంటే నక్సలైట్లు తీసుకుపోతారో పోలీసులు తీసుకుపోతారో తెలియదు. పొలం అమ్మైనా సరే దుబాయి పంపిద్దాం అనుకున్న తల్లిదండ్రులు ఆ రోజుల్లో తక్కువమంది కాదు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు ఊపందుకోవడం, మన దగ్గర గడీల తలుపులు మూతపడటం దగ్గర దగ్గర ఒకే కాలంలో జరిగాయి.

దుబాయి అంటే మన పల్లెలో ఒక్క దుబాయి కాదు. సౌదీ పోయినా, కువైట్ పోయినా, మస్కట్, బహ్రెయిన్, ఖతార్ పోయినా "మావోడు దుబాయిల ఉన్నడు" అనే అంటారు. రుద్రంగి, చందుర్తి, కథలాపూర్, మేడిపల్లి, రాయికల్, మల్లాపూర్, ఇబ్రహీంపట్నం వైపు దుబాయి పోయినవాడు లేని వాడకట్టు వెతికినా దొరకదు. కంపెనీ వీసా, ఆజాద్ వీసా, విజిట్ వీసా, వీసా ఇచ్చే యజమాని కఫీల్, అక్కడ ఉండటానికి అనుమతి పత్రం అఖామా, కంపెనీ వదిలి బయట దొంగతనంగా పని చేసుకుంటే కల్లివెల్లి. ఈ మాటలన్నీ బడి మొహం చూడని అవ్వలకు కూడా తెలుసు.

పోయినవాడు ఎంత సంపాదిస్తాడన్నది నలుగురూ కూర్చొని లెక్క వేయవలసిన విషయం. ఒక లెక్క వేసి చూపిస్తాను. ఎవరిదో ఒకరి సొంత లెక్క కాదు, ఎవరైనా తమ అంకెలు పెట్టి సరిచూసుకోవచ్చు. వీసాకూ ఏజెంటుకూ కలిపి లక్షన్నర అప్పు తెచ్చాడనుకుందాం. నూటికి రెండు రూపాయల మిత్తి. అంటే మొదటి నెల మిత్తే 3,000. అక్కడ జీతం 800 దిర్హాములు. 2024 మారకం ప్రకారం దాదాపు 18,000 రూపాయలు. తిండికీ ఫోనుకూ 300 దిర్హాములు తీస్తే ఇంటికి పంపేది 11,000 చిల్లర. అందులో నెలకు 8,000 చొప్పున అప్పుకే కడుతూ పోతే అసలూ మిత్తీ కలిపి తీరడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. వీసా రెండేళ్లకే. అంటే మొదటి వీసా మొత్తం అప్పిచ్చినవాడి కోసం పనిచేసినట్టు. ఇంటివాళ్లకు మిగిలేది నెలకు మూడు వేలు. రెండోసారి పోతేనే ఇల్లు, మూడోసారి పోతేనే బిడ్డ పెళ్లి. ఈ మధ్యలో కాలు విరగకూడదు, కంపెనీ మూతపడకూడదు, కఫీల్ మంచివాడై ఉండాలి.

ఈ లెక్కలోనే ఇంకో మాయ ఉంది. 2000 ప్రాంతంలో దిర్హాముకు పన్నెండు రూపాయలు వచ్చేవి. 2024లో ఇరవై రెండున్నర దాటింది. అవే 800 దిర్హాములు అప్పుడు 9,600, ఇప్పుడు 18,000. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు జీతం రెట్టింపు అయినట్టే ఉంటుంది. అక్కడి గదిలో, ఆరుగురి మధ్య మంచం మీద పడుకునేవాడికి అక్కడి ధరల్లో ఏమీ పెరగలేదు. పెరిగిందల్లా మన రూపాయి పతనం. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ కార్మికుల కనీస సిఫారసు వేతనాన్ని యూఏఈ, ఖతార్, బహ్రెయిన్, ఒమన్‌లకు 200 డాలర్లకు తగ్గించింది. గొడవ అయ్యాక 2021లో వెనక్కి తీసుకుంది. ఉద్యోగాలు పోకుండా కాపాడటానికే తగ్గించామన్నారు. పోయేవాడి తరఫున మాట్లాడవలసిన ప్రభుత్వమే ముందుగా బేరం తగ్గించి కూర్చుంటే, కంపెనీ పెంచుతుందా?

సరే, ఇక్కడ మిగిలినవాళ్ల సంగతికి వద్దాం. మగవాడు పోయిన ఇంట్లో ఆదాయం ఎలా వస్తుందో చూడాలంటే కోరుట్ల చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా మధ్యాహ్నం అరుగుల మీద కూర్చోండి. ఒళ్లో చాట. నానబెట్టి మెత్తబరిచిన తునికాకు. రేకు పెట్టి కత్తెరతో కోస్తారు, తంబాకు పోస్తారు, వేళ్ల మధ్య దొర్లించి చుడతారు, దారం కడతారు, మూతి మడుస్తారు. కళ్లు టీవీ మీద, లేకపోతే ఎదుటి మనిషి మీద ఉంటాయి. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. పొద్దుమూకేసరికి వెయ్యి అయితే పూర్తి కూలి. ఆకు నాసిరకం వస్తే ఆ నష్టం చుట్టే మనిషిదే. తక్కువ పడ్డ ఆకు తానే కొనుక్కొని వెయ్యి నింపాలి. కార్ఖానాలో తట్టలోంచి కొన్ని కట్టలు బాగా లేవని పక్కన పడేస్తే ఆ కూలి పోయినట్టే. 1966లోనే బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఇంటిదగ్గర చుట్టేవాళ్లను కూడా కార్మికులుగా ఒప్పుకున్న చట్టం అది. పీఎఫ్ నంబరు సంపాదించడానికి మాత్రం ఏళ్లకేళ్లు పట్టింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు జీవనభృతి ఇచ్చినప్పుడు ఆ పీఎఫ్ నంబరే గీటురాయి అయింది. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో పేరున్నవాళ్లకే భృతి. మొదట నెలకు 1,000, 2019 నుంచి 2,016. అత్తకు వస్తుంది, కోడలికి రాదు. ఇద్దరూ ఒకే చాట ముందు కూర్చుంటారు.

దుబాయి డబ్బు పెద్దది, బీడీ డబ్బు చిన్నది అని అందరం అనుకుంటాం. నెల గడవడానికి ఏది ముఖ్యమని ఏ ఇల్లాలినైనా అడగండి. దుబాయి పైసలు వస్తే అప్పుకు పోతాయి, ఇంటికి స్లాబ్ అవుతాయి. ఉప్పు, పప్పు, పిల్లల నోటుబుక్కులు, సంఘంలో కిస్తీ బీడీల మీదే నడుస్తాయి. మగవాడి సంపాదన ఊళ్లో గోడగా కనిపిస్తుంది కాబట్టి దానికి పేరుంది. రోజూ ఖర్చయిపోయే ఆడమనిషి సంపాదన కనిపించదు కాబట్టి దానికి పేరు లేదు. ఊళ్లో లేనివాళ్ల సంపాదన అని ఈ ఉపన్యాసానికి పేరు పెట్టాను గానీ, ఊళ్లోనే ఉండి లెక్కకు రానివాళ్ల సంపాదన అన్నా తప్పుకాదు.

ఇప్పుడు పొలానికి పోదాం. శ్రీరాంసాగర్ కాలువ కింద వరి పెరిగింది. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాజెక్టు అది. చెరువుల పూడికతీత, కొత్త ఎత్తిపోతలు, ఇరవై నాలుగు గంటల కరెంటు కలిసి యాసంగి వరి మరీ పెరిగింది. నాటేసే చేతులు మాత్రం పెరగలేదు. మగవాళ్లు లేరు, ఆడవాళ్లలో పడుచువాళ్లు నాటుకు వంగరు, వంగే వయసు దాటినవాళ్లకు నడుము లేదు. అందుకని నాట్ల కాలంలో బీహార్ నుంచి, పశ్చిమ బెంగాల్ నుంచి గుంపులు దిగుతున్నాయి. ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకొని, తెల్లవారకముందే మడిలో దిగి, ఒక్క రోజులో ఎకరాలకు ఎకరాలు నాటేస్తారు. ఇక్కడ మన ఆడవాళ్లకు ఒక వింత కనిపించింది. మన దగ్గర నాటు ఆడవాళ్ల పని. వచ్చిన గుంపుల్లో ఉన్నదంతా మగవాళ్లే. మొదట్లో ఒడ్డు మీద నిలబడి నవ్వినవాళ్లే తర్వాత నాటు వంకర లేదని ఒప్పుకున్నారు. రైసుమిల్లు హమాలీల్లోనూ వాళ్లే. వాళ్ల ఊళ్లో వాళ్ల భార్యలు మన కోరుట్ల ఆడవాళ్ల లాగే ఫోను కోసం చూస్తుంటారు. ఆ ఊళ్లలో కొందరు నేరుగా గల్ఫ్ పోతారు, అంత అప్పు పుట్టనివాళ్లు జగిత్యాల వస్తారు. మన ఊరు వాళ్లకు చిన్న దుబాయి.

ఈ గుంపులను ఎవరు లెక్కపెడతారు? నాట్లకు వచ్చినవాళ్లు జనగణన నాటికి వెళ్లిపోతారు. మిల్లు షెడ్లలో ఏడాది పొడవునా ఉండేవాళ్ల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారని అడిగితే ఎక్కువచోట్ల జవాబు రాదు. మనవాళ్లను క్యాంపుల్లో కుక్కారని గల్ఫ్ కంపెనీలను తిట్టే మనం, మన బావి దగ్గరి మోటారు గదిలో పదిమందిని పడుకోబెట్టి దాన్ని వసతి అంటున్నాం. ఈ మాట వేదిక మీద అనడం కొందరికి నచ్చకపోవచ్చు. సారు ఉంటే ఇంతకంటే గట్టిగా అనేవారు.

సిరిసిల్ల కథ కొంచెం వేరు. అక్కడ ఊరికి సొంత కార్ఖానా ఉంది. మానేరు ఒడ్డున దాదాపు 30 వేల మరమగ్గాలు. భివండికీ సోలాపూర్‌కూ సూరత్‌కూ వలసపోయిన పద్మశాలీలు అక్కడ పని నేర్చుకున్నారు, అక్కడి మగ్గాలను ఇక్కడికి తెచ్చుకున్నారు. పైన సేటు నూలిస్తాడు. మధ్యలో ఆసామి, పది ఇరవై మగ్గాలు పెట్టుకొని మీటరుకు ఇంత అని నేయించి ఇస్తాడు. కింద కార్మికుడు, పన్నెండు గంటల షిఫ్టు. ఇంకా కింద కండెలు చుట్టే ఆడవాళ్లు. ఇంట్లో మగవాడు మగ్గం మీద, ఆడమనిషి బీడీల మీద. పాలిస్టర్ ధర పడితే నష్టం పైనుంచి కిందికి జారుతుంది. లాభానికి ఆ దారి తెలియదు. తొంభైల చివర నుంచి సిరిసిల్లలో నేత కార్మికుల ఆత్మహత్యలు దేశమంతా పతాక శీర్షికలయ్యాయి. అంత్యోదయ కార్డులు ఇచ్చారు, కౌన్సెలింగ్ పెట్టారు, బద్దెనపల్లిలో టెక్స్‌టైల్ పార్కు కట్టారు.

2017లో బతుకమ్మ చీరల పథకం వచ్చింది. మొదటి ఏడు కొంత సరుకు సూరత్ నుంచి తెచ్చి నవ్వులపాలయ్యారు. తర్వాత ఏటా దాదాపు కోటి చీరల పని సిరిసిల్లకే వచ్చింది. ఆర్డరు ఉన్న నెలల్లో కార్మికుడి సంపాదన దాదాపు రెట్టింపు అయింది. భివండి నుంచి కుటుంబాలు వెనక్కి రావడం మొదలైంది. బీహార్, ఒడిశాల నుంచి కూడా మగ్గం పనికి వచ్చారు. పోయినవాళ్లు తిరిగి రావడం మన ప్రాంతంలో అరుదు, అది ఇక్కడ జరిగింది. నేను ఆ పథకాన్ని మెచ్చుకుంటాను. కానీ ఒక్క కొనుగోలుదారు మీద ఊరు నిలబడితే ఏమవుతుందో 2024లో చూశాం. ప్రభుత్వం మారాక బతుకమ్మ చీరల ఆర్డరు ఆగింది, మగ్గాలు ఆగాయి, ఆత్మహత్య వార్తలు మళ్లీ వచ్చాయి. తర్వాత మహిళా సంఘాల సభ్యులకు చీరలిస్తామని కొత్త ఆర్డరు వచ్చింది. ఎన్నికల ఫలితాన్ని బట్టి మగ్గం కదిలే పరిస్థితి ఉన్నప్పుడు ఇరవై ఏళ్ల కుర్రవాడు ఆ మగ్గం పట్టడు, పాస్‌పోర్టు పట్టుకుంటాడు.

ముత్యంపేటలో ఇంకో పాఠం ఉంది. మల్లాపూర్ మండలంలోని ఆ చక్కెర కర్మాగారం చుట్టూ ఒకప్పుడు చెరుకు, ఎడ్లబండ్లు, కార్మికుల కుటుంబాలు, చిన్నా పెద్దా హోటళ్లు. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్‌కు అది తోబుట్టువు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. తెరిపిస్తామని మాట ఇవ్వని పార్టీ లేదు. రైతులు చెరుకు వదిలి వరికి, పసుపుకు మళ్లారు. పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగు పట్టించాలి. అంతా అయ్యి మార్కెట్‌కు పోయాక ధర పడితే ఏడాది పోయినట్టే. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 178 మంది రైతులు నామినేషన్ వేసి నిలబడ్డారు. జగిత్యాల, కోరుట్ల అసెంబ్లీ సెగ్మెంట్లు ఆ నియోజకవర్గంలోవే. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో పోలింగ్ కేంద్రంలో బ్యాలెట్ యూనిట్లు వరుసగా బల్లల మీద పేర్చారు. వాళ్లెవరూ గెలవడానికి నిలబడలేదు. తమను లెక్కపెట్టక తప్పని స్థితి తెచ్చారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ధర సంగతి ఇంకా తేలలేదు గానీ, లెక్కలోకి రావడం ఎలాగో ఆ రైతులు చూపించారు.

దుబాయి పోయినవాడికి ఆ దారి కూడా లేదు. అతను నామినేషన్ వేయడానికి రాలేడు, ఓటు వేయడానికి రాలేడు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి సీజనుకు 4,000 చొప్పున పట్టా ఉన్నవాడికి అందాయి. ఆ ఏడాదే రైతుబీమా వచ్చింది, పట్టాదారు చనిపోతే ఇంటివాళ్లకు అయిదు లక్షలు. రెండూ మంచివే. కానీ మన దగ్గర దుబాయి పోయేవాడు ఎక్కువగా గుంట భూమి లేనివాడు, లేదా అప్పు కోసం ఉన్నది తాకట్టు పెట్టినవాడు. హైదరాబాద్‌లో స్థిరపడి ఊరి మొహం చూడని పట్టాదారుకు ఎరువు పెట్టుబడి అందింది, గల్ఫ్ ఎండలో గుండె ఆగిపోయిన కూలీ ఇంటికి శంషాబాద్ నుంచి ఉచిత అంబులెన్సు అందింది. గల్ఫ్ సంఘాలు ఏళ్లపాటు ధర్నాలు చేశాక 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి అయిదు లక్షల సాయం ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి పెట్టింది. ఆలస్యమైనా సరైన పని. అయితే చనిపోయాకే లెక్కలోకి రావడం నాకు మింగుడుపడటం లేదు.

డబ్బు వచ్చే దిక్కు కూడా మారుతోంది. రిజర్వు బ్యాంకు 2023–24 సర్వే ప్రకారం విదేశాల నుంచి దేశానికి వచ్చే సొమ్ములో అమెరికా వాటా 27.7 శాతం, యూఏఈ వాటా 19.2 శాతం. రాష్ట్రాల్లో మహారాష్ట్ర, కేరళ, తమిళనాడుల తర్వాత తెలంగాణ, 8.1 శాతంతో. ఈ 8.1లో హైదరాబాద్ ఫ్లాట్లకు వచ్చే అమెరికా డాలరు కూడా ఉంది. కోరుట్ల సందుల్లోకి వచ్చే దిర్హాము అందులో కలిసిపోయి కనబడకుండా పోతుంది. ఊళ్లో కూడా ఇదే చీలిక. నాలుగెకరాలున్న ఇంటి పిల్లవాడు బ్యాంకు లోను తీసుకొని ఎమ్మెస్‌కు పోతాడు. పక్కవాడు మిత్తికి తెచ్చి మస్కట్ పోతాడు. మొదటివాడు తల్లిదండ్రులను తన దగ్గరికి పిలిపించుకోగలడు. రెండోవాడు ఇరవై ఏళ్లు చేసినా భార్యను ఒక్కసారి తీసుకుపోలేడు. వలస అని ఒకే మాట అంటాం గానీ, ఒకరికి అది పై మెట్టు, మరొకరికి అది అప్పు తీర్చే కూలి.

కేరళను చూపించి మనకేం తక్కువ అంటారు కొందరు. తక్కువైనది డబ్బు ఒక్కటే కాదు. అక్కడ సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1998లో మొదలుపెట్టిన వలసల సర్వే కొన్నేళ్లకోసారి జరుగుతోంది. ఏ తాలూకా నుంచి ఎవరు పోయారు, ఎంత పంపారు, తిరిగి వచ్చి ఏం చేస్తున్నారు, ఇంట్లో మిగిలినవాళ్లు ఎలా ఉన్నారు అని అడుగుతారు. అక్కడి ప్రభుత్వానికి ఏమాత్రం ఇష్టం లేని నిజం కూడా ఆ పట్టికల్లో బయటపడుతుంది. మనకు నాయకుల ప్రసంగాల్లో లక్షలు వినబడతాయి, ఒకరు చెప్పిన లక్షలు మరొకరు చెప్పరు.

కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. పాత పద్ధతిలోనే లెక్కిస్తే మన ఊళ్లలో మళ్లీ ఆడవాళ్లు ఎక్కువ తేలతారు, మళ్లీ చప్పట్లు పడతాయి. జనగణన పత్రాన్ని మనం మార్చలేం. గ్రామపంచాయతీ తన సొంత పుస్తకం పెట్టుకోవచ్చు, దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. కార్యదర్శి దగ్గర ఇంటిపన్ను రిజిస్టరు ఎలాగూ ఉంది. ప్రతి ఇంటి నంబరు పక్కన నాలుగు గడులు కలపమని నా విన్నపం. ఇంటివాళ్లలో ఎవరు ఏ దేశంలో, ఏ ఊళ్లో ఉన్నారు. ఏ వీసా మీద పోయారు, ఎంత అప్పు తెచ్చారు. ఇక్కడ బీడీలూ కండెలూ కూలీ మీద ఇంట్లో ఆడవాళ్లు ఏం సంపాదిస్తున్నారు. నాలుగో గడిలో బయటినుంచి మన ఊరికి పనికి వచ్చి ఆ ఇంటి కొట్టంలోనో, మోటారు గదిలోనో ఉంటున్నవాళ్ల పేర్లు, వాళ్ల పిల్లల వయసులు. మొదటి మూడు గడులు నింపడానికి ఊరు ఒప్పుకుంటుంది, నాలుగో గడి దగ్గర గొడవ పడుతుంది. సర్పంచులు ఇక్కడ కొందరున్నారు కనుక అడుగుతున్నాను, ఆ గొడవ మీ గ్రామసభలో ముందు పెట్టుకోండి. మిగతా మూడు గడులూ కార్యదర్శి వారం రోజుల్లో నింపేస్తాడు.